ఆ పుస్తకంలో చేపలు లేవు

మా తమ్ముడి మనవరాలు నా దగ్గరే ఉండి రాజమండ్రిలో చదువుకుంటోంది. ఆదివారం భోజనాలయ్యాక మంచం మీద బోర్లా పడుకుని ఫోన్లో సిరీస్‌లు చూడడం దానికి అలవాటు. పడుకుని చూడడం, చూస్తూ ఏదో ఒకటి నములుతూ ఉండడం మా ఇంట్లో చెల్లేవి కావు. కొన్నాళ్ళు చెప్పి చూశాను, తర్వాత మానేశాను. మొన్న ఆదివారం మటుకు దాని పక్కనుంచి వెళ్తున్నదాన్ని ఆగిపోయాను. ఫోన్లో ఒక తెల్లావిడ, జనం తోసుకుంటున్న సంతలో, ఎవరో పెద్దమనిషి గడియారాన్ని లాఘవంగా తీసి గౌను మడతల్లోకి జార్చుకుంది. ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత నడిచిన నడక కూడా గుడికి వెళ్ళే మనిషి నడకే.

"ఈవిడ జైల్లో పుట్టింది కదూ?" అన్నాను.

అది తలెత్తి చూసింది. "మీకెలా తెలుసు మామ్మా? ఇది కొత్తగా వచ్చిందే."

కొత్తగా వచ్చిందేమీ కాదు. ఆ నవల పేరు ఇక్కడ అక్కర్లేదు. చాలా పాత ఇంగ్లీషు పుస్తకం. జైల్లో పుట్టి, పెళ్ళి మీద పెళ్ళి చేసుకుని, అన్నీ చేజారాక దొంగతనంతో బతికిన ఒక తెలివైన ఆడమనిషి తన కథ తనే చెప్పుకుంటుంది. అసలు పేరు మాత్రం చివరిదాకా చెప్పదు. నేను కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నాను. అది ఆశ్చర్యంగా చూసి ఫోను నావైపు తిప్పింది.

మా ఇంటిని ఊళ్ళో దివాణం అనేవారు. ఇప్పుడు ఆ స్థలంలో అరటిగెలల గోడౌను ఉంది. రావులపాలెం వెళ్ళే లారీలు అక్కడ ఆగి సరుకు ఎత్తుకుంటాయి. ఆ దారిన వెళ్ళవలసి వస్తే నేను బస్సులో అటువైపు సీట్లో కూర్చోను. మా పతనం గురించి జాలిపడేవాళ్ళంటే నాకు గిట్టదు. పడ్డాం, నిజమే. ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాచలేదు.

నా చిన్నప్పటికి పైకి అన్నీ ఉండేవి. మధ్యాహ్నం పంక్తిలో ఇరవై విస్తళ్ళకి తక్కువ లేచేవి కావు. లాకుల దగ్గర పనిచేసే ఉద్యోగులు, కాలువ మీద పడవ దిగిన బాటసారులు, ఊరికే తాతగారిని చూసి పోదామని వచ్చినవాళ్ళు, ఎవరైనా సరే, ఆ వేళకి గుమ్మంలో కనిపిస్తే భోంచేసి వెళ్ళాల్సిందే. తాతగారు విస్తళ్ళ మధ్య నడుస్తూ ఎవరికి నెయ్యి తక్కువైందో చూసేవారు. వంటింట్లో మామ్మగారు నిలబడి ఉండేవారు. తాతగారికి గాదె వైపు వెళ్ళే అలవాటు లేదు. నాకు మటుకు ఇంగ్లీషు చదువు మొదలైన ఏడాది వానాకాలంలో గాదె లోపల చీపురు గరగరలాడిన చప్పుడు జ్ఞాపకం ఉంది. అడుగున ఉన్న ధాన్యాన్ని ఊడ్చి తీసే చప్పుడు అది. అప్పుడు నాకు దాని అర్థం తెలియదు.

తాతగారి అద్దాల బీరువాలో నాలుగు అరల నిండా తోలు అట్టల ఇంగ్లీషు పుస్తకాలు ఉండేవి. ఆయన రాజమండ్రిలో కాలేజీ చదువు చదివారు. ఆ పుస్తకాల్లో ఒక్కొక్కటీ మూడేసి సార్లు చదివానని చెప్పేవారు, అది ప్రగల్భం కాదు. నాకు ఇంగ్లీషు చెప్పడానికి మిషన్ బడి టీచరమ్మగారు వారానికి మూడు మధ్యాహ్నాలు వచ్చేవారు. తెల్లచీర, నల్ల గొడుగు, మోచేతుల దాకా రవిక. బీరువాలోంచి ఏదైనా తీసి చెప్పమని తాతగారి ఆజ్ఞ. టీచరమ్మగారు నీతికథల పుస్తకం ఏదో వెతుకుతూ ఉంటే, పక్కన కూర్చున్న మామ్మగారు ఇంకొక పుస్తకం తిరగేస్తూ ఒక బొమ్మ దగ్గర ఆగిపోయారు.

"ఈవిడెవరు టీచరమ్మా? పమిట కింద ఏదో దాస్తోంది."

టీచరమ్మగారు చూసి ఇబ్బందిగా నవ్వారు. "దొంగండి."

"ఆడదొంగా? అయితే ఇదే చెప్పండి."

అలా మొదలైంది. మా ఆడవాళ్ళు వీధి గుమ్మం దాటేవారు కాదు. గుడికి వెళ్ళాలన్నా బండికి పరదా కట్టాలి. అందుకని చదువు పెరటి వసారాలో జరిగేది. టీచరమ్మగారు నాచేత ఒక పేజీ చదివించి, తర్వాత ఆ కథనే తెలుగులో చెప్పేవారు. మామ్మగారు కత్తిపీట ముందు వేసుకుని వినేవారు. కథలో ఊరు రాజమండ్రి అయ్యేది, ఆ ఊరి నది మన గోదావరి అయ్యేది. దొంగ పడవలో ఏరు దాటి ధవళేశ్వరం రేవులో దిగేది. గౌను కాస్తా చీరయింది. పిల్లలు వినకూడని చోటు వచ్చినప్పుడు టీచరమ్మగారు నన్ను మంచినీళ్ళకి పంపేవారు. ఆ పుస్తకంలో అలాంటి చోట్లు ఎన్ని ఉన్నాయో, ఆ వానాకాలం నేను అన్ని చెంబులు మోశాను.

ఆ వసారా మెట్టు మీద ఇంకొక శ్రోత ఉండేది. ఏటి అవతల నుంచి పడవలో చేపలు తెచ్చే మనిషి. ఆవిడని మా ఇంట్లో అందరూ రేవుమనిషి అనేవారు. నల్లటి మనిషి, పొడుగు, మెడ కొయ్యలాగా నిటారుగా ఉండేది. బూడిద అద్దుకుని చేపలు తోమి, ముక్కలు కోసి ఇచ్చి, ఆ తర్వాత కూడా కదిలేది కాదు. వరద నీళ్ళు ఎర్రబడ్డ రోజుల్లో పులస తెచ్చేది. ఆ రోజు వంటింట్లో మట్టిదాకలో పులుసు పొద్దున్నించీ సన్నసెగ మీద కాగుతూ ఉండేది. బెండకాయలు, ఆవకాయ మీద తేరిన నూనె, వెన్న. ఆ పులుసు వండిననాడు తినకూడదు, మర్నాడు తినాలి. మర్నాటి దాకా ఆ వాసనలో బతకడమే మాకు శిక్ష.

దొంగకి అయిదో పెళ్ళి అయిన రోజు రేవుమనిషి పెద్దగా నవ్వింది.

"అయిదుగురేంటండి అమ్మగారూ. ఒక్కడికి వలలు కుట్టి పెట్టేసరికే నా నడుం పడిపోతోంది."

"ఆవిడకి వలలు కుట్టే పని లేదులే," అన్నారు మామ్మగారు.

"ఆయ్, అందుకే అయిదుగుర్ని పట్టిందండి."

మామ్మగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ అలా నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే. టీచరమ్మగారు గొడుగు సర్దుకున్నారు.

చేపలమ్మే మనుషులకి ఒక పద్ధతి ఉంది. తట్ట నిండుగా ఉన్నప్పుడు ఒక్క మనిషి నెత్తికి ఎత్తుకోలేదు. ఏ ఇంటి ముందు దింపితే ఆ ఇంటివాళ్ళే ఒక చెయ్యి వెయ్యాలి. "కాస్త చెయ్యి వెయ్యండమ్మా" అని అడిగితే కాదనే ఇల్లు ఉండదు. మా ఇంట్లో ఆ పని పాలేరు పెళ్ళాం చేసేది. ఇంటి ఆడవాళ్ళు తట్ట ముట్టుకోవడమన్నది లేదు.

ఒక మధ్యాహ్నం, అందరూ కునుకు తీస్తున్నప్పుడు, నేను అటక ఎక్కాను. అక్కడ జాడీలో మామిడితాండ్ర ఉండేది. పైపొర తీస్తే తెలిసిపోతుందని కింది పొరల్లోంచి చీల్చుకునేదాన్ని. ఆ తెలివి కథలోని దొంగ దగ్గర నేర్చుకున్నదే. అటక కిటికీలోంచి పెరడు కనబడుతుంది. నోట్లో తాండ్ర పెట్టుకుని చూస్తే, నూతి పక్కన మామ్మగారు, రేవుమనిషి ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మామ్మగారి ఒళ్ళో వెండి గంధపు గిన్నె ఉంది. పెళ్ళిళ్ళలో వచ్చిన వాళ్ళందరికీ గంధం రాసే పెద్ద గిన్నె. ఆవిడ దాన్ని ఒక పాత పట్టుచీర ముక్కలో కట్టి, అరిటాకులో చుట్టి తట్ట అడుగున పెట్టారు. రేవుమనిషి దాని మీద చేపలు పరిచింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. అది వాళ్ళకి మొదటిసారి కాదని నాకు ఇప్పుడు అర్థమవుతుంది. అంతకుముందే పన్నీరుబుడ్డి, రెండు కంచాలు కనబడడం మానేశాయి.

తర్వాత మామ్మగారు లేచి, చుట్టూ చూసి, వంగి, రెండు చేతులతో తట్ట పట్టుకుని రేవుమనిషి నెత్తికి ఎత్తారు. చేపలనీళ్ళు ఆవిడ గాజుల మీదుగా మోచేతుల దాకా కారాయి. నాకు గిన్నె కన్నా అదే వింతగా తోచింది. మామ్మగారు తట్ట ఎత్తడం.

తాతగారు సాయంత్రం పడక కుర్చీలో కూర్చుని ఆ రోజు నేర్చుకున్న పాఠం నాచేత చెప్పించుకునేవారు. మర్నాడు నేను కథ చెబుతున్నాను. దొంగ ఒక గొప్పింట్లో వెండి సామాను ఎలా కాజేసిందో చెప్పాలి. టీచరమ్మగారు ఊళ్ళనే మార్చి చెప్పినప్పుడు, నేను కూడా ఒక ముక్క కలపవచ్చనుకున్నాను. నా కథ బాగుండాలనే తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. గిన్నెని అరిటాకులో చుట్టి, తట్ట అడుగున పెట్టి, పైన చేపలు పరిచిందని చెప్పాను. చేపలంటే ఎవరూ చెయ్యి పెట్టి వెతకరు కదండి తాతగారూ, అని కూడా అన్నాను.

ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. కళ్ళు తెరిచారు.

"ఆ పుస్తకంలో చేపలు లేవమ్మా," అన్నారు మెల్లగా.

అంతే. నా తల నిమిరి లోపలికి వెళ్ళమన్నారు. వంటింటి గుమ్మం దగ్గర మామ్మగారు దీపం తుడుస్తున్నారు. ఆ మాట ఆవిడ విన్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. విని ఉంటే ఆ రాత్రే కబురు పంపి రేవుమనిషిని రావద్దని చెప్పి ఉండేవారని కొన్నిసార్లు అనుకుంటాను. ఏటి అవతలకి కబురు పంపాలంటే ఎవరితోనో చెప్పాలి. ఎవరితో చెబుతారు?

రెండు రోజుల తర్వాత రేవుమనిషి వచ్చింది. కోయించుకోవలసింది కోయించుకున్నాక, తట్ట సర్దుకుని వెళ్ళబోతూ ఉంటే తాతగారు పెరట్లోకి వచ్చారు. ఆయన పెరట్లోకి రావడం మేము ఎన్నడూ చూడలేదు. వెనక పంక్తిలో భోంచేసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. తట్ట బోర్లించమన్నారు.

ఆవిడ కదలలేదు. పాలేరు తట్ట బోర్లించాడు. బురదలో చేపలు పడ్డాయి. వాటి మధ్య అరిటాకు పొట్లం. గంధపు గిన్నె ఆ రోజుకి ఇంకా అమ్మకానికి ధవళేశ్వరం కంసాలి దగ్గరికి చేరనే లేదు. కాలువ మీద పడవలు రెండు రోజులుగా ఆగిపోవడంతో, దాన్ని వెనక్కి ఇచ్చేద్దామని తెచ్చిందో, పడవ దొరికితే తీసుకుపోదామని మోస్తూనే ఉందో నాకు తెలియదు. తాతగారు వంగి పొట్లం తీసుకున్నారు. ఆకు విప్పారు. లోపల పట్టుచీర ముక్కలో కట్టిన మూట. వంగపండు రంగు, సన్నటి జరీ. ఆ చీర ఎవరిదో ఆ ఇంట్లో తెలియని మనిషి లేరు.

ఆయన ఆ గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, లాల్చీ జేబులో పెట్టుకున్నారు. అది నేను చూశాను. ఆ తర్వాతనే గిన్నె పైకెత్తి అందరికీ చూపించారు.

"ఇది నీ తట్టలోకి ఎలా వచ్చింది?"

రేవుమనిషి తల తిప్పి వంటింటి కిటికీ వైపు చూసింది. కిటికీకి వెదురు తడిక ఉంది. తడిక వెనక మామ్మగారు ఉన్నారు, పక్కన నేను ఉన్నాను. మామ్మగారి చెయ్యి నా భుజం మీద ఉంది. రేవుమనిషి ఎంతసేపు చూసిందో చెప్పలేను. ఆవిడ ఎదురుచూస్తోందని మాత్రం నాకు తెలుసు. నా భుజం మీద చెయ్యి బిగుసుకుంది. నేను అరిచి చెప్పి ఉండవచ్చు. ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉన్నాయి నాకు. పరాయివాళ్ళ ముందు ఇంటి సంగతి ఎత్తకూడదని అప్పటికే బాగా నేర్చుకున్నాను.

"తప్పు నాదేనండి," అంది ఆవిడ. "ఇంకెవరిదీ కాదండి."

తాతగారు పోలీసులని పిలవలేదు. అది తన దయ అన్నట్టుగానే మాట్లాడారు. ఈ ఒడ్డున నీ కాలు పడకూడదు అన్నారు. ఆయన మాట మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంకా చెల్లుతున్న రోజులు అవి. రేవులో పడవవాడి దాకా ఆ మాట ఆ సాయంత్రానికే చేరింది.

ఆవిడ బురదలోంచి చేపలు ఒక్కొక్కటీ ఏరి తట్టలో వేసుకుంది. అందరూ చూస్తూ నిలబడ్డారు. తట్ట నిండింది. చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని, అలవాటు చొప్పున అంది.

"కాస్త చెయ్యి వెయ్యండమ్మా."

అన్నాక ఆవిడకే తెలిసినట్టుంది. ఎవరూ కదలలేదు. పాలేరు పెళ్ళాం తాతగారి ముఖం చూసి వెనక్కి జరిగింది. నా భుజం మీది చెయ్యి తీసేసి మామ్మగారు ఒక అడుగు ముందుకు వేశారు. గుమ్మం ఆరడుగుల దూరంలో ఉంది. ఆ ఒక్క అడుగు దగ్గరే ఆగిపోయారు. రేవుమనిషి మోకాళ్ళ మీద కూర్చుని, తట్టని ముందు తొడ మీదికి, అక్కడినుంచి భుజానికి, భుజం నుంచి తలకి తనే ఎత్తుకుంది. లేచేటప్పుడు ఒకసారి తూలింది. నిలదొక్కుకుని, మెడ నిటారుగా పెట్టి, పెరటి దారిన వెళ్ళిపోయింది. చేపలనీళ్ళు వీపు మీద కారుతూ ఉన్నాయి.

మామ్మగారు మళ్ళీ చేప ముట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, తాతగారు అసలే అడగలేదు. తర్వాతి వారం టీచరమ్మగారు వచ్చి పుస్తకం తెరిచారు. దొంగని పట్టుకుని జైల్లో వేసిన చోట కథ ఆగి ఉంది, ఉరి తీస్తారో లేదో తేలాలి. మామ్మగారు కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, ఆవిడ చివరికి ఏమైందో నాకు చెప్పవద్దండి, అన్నారు. టీచరమ్మగారు పుస్తకం మూసి నీతికథలు మొదలుపెట్టారు. మరుసటి వేసవికి పంక్తిలో విస్తళ్ళు ఆరుకి వచ్చాయి. తర్వాత తాతగారు ఒంటరిగా భోంచేసేవారు. ఆయన పోయాక పెట్టెలో మందుచీటీల కింద ఆ వంగపండు రంగు గుడ్డ దొరికింది. అదే నాలుగు మడతల్లో ఉంది.

పెద్దయ్యాక నేను కథ చివరిదాకా చదివాను. ఉరి తీయలేదు. ఆవిడ సముద్రం దాటి, కలిగినదై, మొగుడితో ముసలితనం దాకా బతికింది. కాలేజీ రోజుల్లో అదే కథని మనవాళ్ళు సినిమాగా తీశారని విని టౌనుకి వెళ్ళి చూశాను. అందులో దొంగ పాటలు పాడి, ఆఖర్న మొగుడి కాళ్ళ మీద పడి ప్రాణం విడిచింది. హాల్లో ఆడవాళ్ళందరూ ఏడ్చారు. చాలా ఏళ్ళకి టీవీలో విదేశాల సిరీస్ ఒకటి వచ్చింది. అందులో ఆవిడ సూటిగా మనవైపే చూసి మాట్లాడింది. రెండుసార్లూ నేను కథ చూడలేదు. సంత వచ్చినప్పుడల్లా, నదిఒడ్డు వచ్చినప్పుడల్లా, జనం మధ్య తట్ట ఎత్తుకున్న మనిషి కోసం చూశాను. తాతగారు పొరపాటు పడి ఉండాలని, ఆ పుస్తకంలో నిజంగానే ఎక్కడో చేపలు ఉండాలని, పిల్ల పుస్తకంలో ఉన్నదే చెప్పిందని ఎవరైనా నాతో అనాలని.

మొన్న ఆదివారం కూడా అదే చేశాను. మూడు భాగాలు చూశాం. సాయంకాలం వాన పట్టింది. నాకు తెలియకుండానే పైకి అనేసినట్టున్నాను, చేపల తట్ట ఇంకా రాలేదేమిటని.

"చేపలేంటి మామ్మా?" అంది పిల్ల. "ఇందులో చేపలు లేవు."

అదే మాట. మెల్లగానే అంది అది కూడా. నేను లేచి వెళ్ళి బీరువాలోంచి గంధపు గిన్నె తీసుకువచ్చి దాని ముందు పెట్టాను. మా వెండిలో నాకు మిగిలింది అదొక్కటే. వానరోజుల్లో దాన్ని నేను బయటికి తీయను. ఎన్నిసార్లు తోమినా నాకు ఆ వాసన వస్తుంది. ఎవరికీ చెప్పనిది, మా తమ్ముడికి కూడా చెప్పనిది, ఆ పిల్లకి మొదటినుంచీ చెప్పాను. అది ఫోను ఆపేసి లేచి కూర్చుని విన్నది. అంతా అయ్యాక గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, ఏమీ రావడం లేదంది.

తర్వాత అడిగింది. "ఆవిడ పేరేంటి మామ్మా?"

"రేవుమనిషి అనేవాళ్ళం."

"అది కాదండి. పేరు."

కథలో దొంగ తన పేరు తనే దాచుకుంది. ఈవిడ దాచుకోలేదు. అన్ని వానాకాలాలు మా పెరటి మెట్టు మీద కూర్చున్న మనిషిని, మా ఇంట్లో ఎవరూ అడగలేదు.